గదిలో గడియారం

"గడియారం ఎక్కడ దాచారు? మర్యాదగా ఇచ్చేయండి!" అంటూ డాక్టరమ్మ గదిలోకి దూసుకొచ్చింది.

మంచం మీద కాళ్లూపుకుంటూ కూర్చున్న రిటైరైన రైలు గార్డు తెల్లబోయాడు. "నా దగ్గరెక్కడిదమ్మా? వచ్చిన రోజే లాగేసుకున్నారుగా!"

నిజమే. ఆ గదికి కిటికీ లేదు, గోడకు గడియారం లేదు. పగలో రాత్రో తెలియదు. ఆకలేసినప్పుడు అడిగితే భోజనం పెడతారు. వేళ తెలియకపోతే మనిషికి ఆకలి ఎప్పుడేస్తుందో చూడటమే పరీక్ష. డాక్టరమ్మ రోజుకో వేళప్పుడు వచ్చి, ఆయన తినేదాకా తనూ ముద్ద ముట్టకుండా, పక్కనే కూర్చుని అన్నీ రాసుకుంటోంది.

"తిండి ఎప్పుడు కావాలో, తిన్నది ఎప్పుడు అరగాలో చెప్పే గడియారం మన మెదడులో ఉంటుంది. ఎండ కనబడకపోతే అది రోజూ కాస్త వెనకబడాలి. మీరేమో నాలుగు రోజులుగా సరిగ్గా ఒంటిగంటకే భోజనం అడుగుతున్నారు!"

"ఒంటిగంటకేనా? అబ్బో!" గార్డు మురిసిపోయాడు.

"మురిసింది చాలు. నా రెండేళ్ల కష్టం మట్టిగొట్టుకుపోయింది!"

ఆమె దిండు పిసికింది. పరుపు తిరగేసింది. చెప్పులు దులిపింది. గార్డు తనంతట తానే పళ్లసెట్టు తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇదీ చూసుకోండమ్మా, మళ్లీ అనుమానమెందుకు?"

గడియారం కాదుగదా, దాని ముల్లు కూడా దొరకలేదు. డాక్టరమ్మ కుర్చీలో కూలబడింది. "రేపు ప్రొఫెసరుగారొస్తారు. చూశారంటే పరీక్ష ఆపేస్తారు." ఏడుపొక్కటే తక్కువ.

అంతలో ఆమె కడుపు 'గుర్‌ర్‌ర్' మంది. సిగ్గుపడి గబుక్కున పొట్ట అదుముకుంది.

గార్డు చటుక్కున పళ్లసెట్టు పెట్టేసుకుని తలుపు వైపు కేకేశాడు. "నర్సమ్మా, భోజనం!"

తలుపవతల వేళలు రాసే నర్సు గొంతు వినిపించింది. "ఒంటిగంటా ఒక నిమిషం మేడమ్! ఇవాళ కూడా!"

డాక్టరమ్మ తన పొట్ట వైపు చూసుకుంది. గార్డు వైపు చూసింది. నవ్వు తన్నుకొచ్చి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"అంటే... మీ ఆకలికి గడియారం నా కడుపా?"

"ఆకలా, నా మొహమా!" అన్నాడు గార్డు. "నేను తింటేగానీ మీరు తినరు. రోజూ మీ పొట్ట అలా మొత్తుకుంటుంటే వినలేక, అరక్కపోయినా తింటున్నానమ్మా!"