నెత్తి లేని కారు

పెద్దవంగర దాటగానే ఎర్ర కారు ఒక్క నిట్టూర్పు విడిచి ఆగిపోయింది.

రోడ్డుకు రెండు వైపులా మోదుగులు పూసి ఉన్నాయి. ఆకు కదలడం లేదు. పిట్ట అరవడం లేదు. అంతా ఎవరి కలలోనో జరుగుతున్నట్టుంది.

సుదర్శన్ దిగలేదు. స్టీరింగ్‌కు నుదురు ఆనించి కూర్చున్నాడు.

జనగామలో పెళ్లి బరాత్‌లకు కారు కిరాయికిస్తాడతను. ఎవరో పెద్దింటివాళ్లు వాడి వదిలేసిన స్పోర్ట్స్ కారు అది. భార్య ఉమ గొలుసు అమ్మి కొన్నాడు. కొన్న ఏడాదే పైకప్పు మోటారు చెడిపోయి, కప్పు వెనక్కి మడిచింది మడిచినట్టే ఉండిపోయింది. బాగుచేయడానికి కంపెనీవాళ్లు అడిగిన డబ్బుతో ఇంకో మామూలు కారే వస్తుంది. పెళ్లికొడుకు నిలబడి ఊరేగడానికి కప్పెందుకులే అని సరిపెట్టుకున్నాడు.

హైదరాబాద్‌లోని మెకానిక్ వెంకట్రాంకు ఫోన్ చేశాడు.

"ఇంజన్ బాగ వేడెక్కిందే. ఆగిపోయింది."

"నీళ్ల పంపు పోయుంటది. గది బయట దొరుకుతది, పరేషాన్ గాకు. బండి పంపుతున్న. గని కారు తడవనియ్యకు. సీటు కింద కంప్యూటర్ డబ్బా ఉంటది. గది తడిస్తె కారును పాత ఇనుము కింద తూకానికి ఇచ్చుడే."

"వారంటీ..."

"వారంటీ ఉంటె నీకు గంత అగ్గువకు ఎందుకిస్తరే?"

ఫోన్ పెట్టేసి పైకి చూశాడు. మహబూబాబాద్ దిక్కు ఆకాశం కాటుకతో అలికినట్టుంది.

అప్పుడే చేను గట్టు మీదుగా ఒక మనిషి వచ్చాడు. నెత్తికి తువ్వాల, మోకాళ్ల దాకా దుమ్ము.

"గిదేం కారు సారూ? నెత్తే లేదు!"

"ఏయ్, ముట్టకు!"

"ముడ్తలేను. మొగులు జూసినవా? రాళ్లవాన వచ్చేటట్టున్నది."

"నాకు కనవడ్తలేదా? ఏం జెయ్యమంటవు, అంగీ ఇప్పి కప్పాల్నా?"

"నీ అంగీ గీ సీటుకు గూడ సాలదు."

ఆ మనిషి నవ్వాడు. సుదర్శన్ కారు దిగాడు.

"నవ్వకే అన్నా. గిది తడిస్తె నేను మునిగిన. మా ఇంటామె మెడల గొలుసు అమ్మి కొన్న దీన్ని. ఇగ అమ్మెతందుకు ఏం లేదు."

నవ్వు ఆగింది. ఆ మనిషి ఒకసారి వెనక్కి తిరిగి చేల వైపు చూశాడు. మళ్లీ సుదర్శన్ ముఖం చూశాడు. వచ్చిన దారినే ఉరికాడు.

పోతే పోయాడు అనుకున్నాడు సుదర్శన్.

మొదటి చినుకు పడేలోగా ఆ మనిషి రొప్పుతూ తిరిగొచ్చాడు. భుజం మీద పెద్ద నీలిరంగు టార్పాలిన్ పరదా.

"పట్టు సారూ, ఆ కొస పట్టు! జల్ది!"

ఇంతకు ఎంత అడుగుతాడో అనుకుంటూనే కొస పట్టాడు సుదర్శన్.

గాలికి పరదా నిలవలేదు. కట్టడానికి తాడు లేదు. ఇద్దరూ కారులోకి దూరి, కొసలు ఒళ్లోకి లాక్కుని కూర్చున్నారు.

రాళ్లవాన దబదబా కురిసింది.

లోపలంతా నీలం వెలుగు. నీళ్ల అడుగున ఇద్దరు కూర్చున్నట్టుంది. ఆ మనిషి ఒక చేత్తో సీటును నిమిరాడు.

"ఉయ్యాల లెక్క ఉన్నది సారూ. పిల్లలు ఎక్కితె దిగరు."

సుదర్శన్‌కు ఎన్నడూ లేనంత నెమ్మదిగా అనిపించింది. ఈ వాన ఇట్లాగే కురుస్తుంటే బాగుండుననిపించింది. ఆ మనిషి మాత్రం మాటిమాటికీ పరదా అంచు ఎత్తి బయటికి చూస్తున్నాడు.

"ఉరుములంటె భయమా ఏందే? గింత మనిషివి!"

"భయమే సారూ," అన్నాడతను, చిన్నగా నవ్వి.

వాన సన్నబడగానే అతను కిందికి దూకాడు. సుదర్శన్ జేబులోంచి నోట్లు తీశాడు.

"వద్దు సారూ. జర పోవాలె."

"మరి నీ పరదా?"

"ఉండనీ. ఇంకో జల్లు వడ్తదేమో."

అప్పటికే గట్టు దాటాడు. వెళ్లిపోయేవాళ్ల పేరు అడగాలని, వాళ్లు కనుమరుగయ్యాకే గుర్తొస్తుంది మనకు.

డబ్బా తడవలేదు. వెంకట్రాం పంపు మార్చాడు. కారు బతికింది.

ఉగాది వెళ్లాక సుదర్శన్ పరదాను చక్కగా మడిచి, ఉమ కొన్న కొత్త ధోవతి, అంగీ తీసుకుని అక్కడికే వచ్చాడు. ఆనవాళ్లు చెబితే గొర్లు కాసే ముసలాయన చెయ్యి చూపాడు. "మంగ్యానా? గదే ఆయన కల్లం. భార్య నీలి ఉన్నది, పో."

కల్లంలో ఒకామె తెల్లగా పాలిపోయిన మిరపకాయల కుప్ప ముందు వంగి ఉంది.

"అన్న లేడా, అక్కా?"

"భూపాలపల్లి పోయిండు సారూ, బొగ్గు కాడ కూలికి. మళ్ల ఎన్నడొస్తడో."

"పంట ఇడిసిపెట్టి కూలికా?"

"పంట యాడున్నది? రాళ్లవాన నాడు ఎండవోసిన మిర్చంత తడిసి తాలైపాయె. ఉన్నదొక్కటే పరదా. గాలికి లేసిపోయిందట. వాన ఎలిసేదాక దానెంటనే ఉరికిండట, దొరకలేదట."

సుదర్శన్ చేతిలోని పరదాను వెనక్కి దాచబోయాడు.

నీలి అప్పుడు చూసింది అతని చేతుల్లోకి. పరదా మూలకు తన పాత గాగ్రా గుడ్డతో వేసిన అతుకును వేలితో తడిమింది.

"మా ఆయన నాకు ఎన్నడు అబద్ధం జెప్పలేదు సారూ, గాలి తీస్కపోయిన పరదా నీ చేతులకు ఎట్లొచ్చింది?"