బషందీ జుట్టు పందెం

"రంగు వెయ్యకపోతే అరవై నాలుగేళ్ళకి ఒక్క తెల్లవెంట్రుక కూడా లేకుండా ఎలా ఉంటుంది? నువ్వేమైనా కాకివా బాబాయ్?" అన్నాడు సెలూన్ రిఫాత్.

అస్వాన్ మసాలా బజారంతా పగలబడి నవ్వింది.

మూలికల కొట్టు బషందీ మాత్రం నవ్వలేదు. ఆయన వ్యాపారం నడిచేదే ఆ జుట్టు మీద. గోరింటాకు, లవంగాలు, దానిమ్మ తొక్క, ఎండు మందార కలిపి ఆయన దంచే పొడి కోసం ఎడ్ఫూ నుంచి కూడా ఆడవాళ్ళు రైలెక్కి వస్తారు. కొట్టుకి బోర్డు లేదు. నల్లగా నిగనిగలాడే ఆ తలే బోర్డు.

ఎదురుగా రిఫాత్ సెలూన్. ఏసీ, నిలువుటద్దాలు, అట్టపెట్టెల్లో రంగు ట్యూబులు. అరగంటలో జుట్టు నల్లబడుతుంది. వారం తిరక్కుండా నెత్తి దురద మొదలవుతుంది. ఆ దురదకి మందు మళ్ళీ బషందీ దగ్గరే. రిఫాత్‌కి కడుపు మండదా మరి?

"నాది ఆకు పొడి. నీది ఆసిడ్‌రా!" అన్నాడు బషందీ, నెత్తి మీద చెయ్యి పెట్టుకుని. ఆయనకది అలవాటు. ఎడారి గాలి లేచినా, కోపం వచ్చినా చెయ్యి నెత్తి మీదకే పోతుంది.

"అయితే వచ్చి నా కుర్చీలో కూర్చో. మొదళ్ళు చూస్తాను."

"చాల్లే. నీ కళ్ళు పడితేనే నా జుట్టుకి దిష్టి. ఇక చేతులు కూడానా?"

అదీ నిజమే. ముప్పై ఏళ్ళుగా ఆయన ఏ మంగలి ముందూ తల వంచలేదు. ఇంట్లో వహీబాయే కత్తిరిస్తుందంటాడు. వహీబా ఆయన భార్య.

ఇంతలో బషందీకి ఉమ్రా ప్రయాణం కుదిరింది. మక్కా వెళ్తున్నాడని తెలిసి బజారంతా వచ్చి, మా కోసం కూడా దువా చెయ్యమని అడిగింది. రిఫాత్ కూడా వచ్చాడు. కావలించుకున్నాడు. రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకున్నాడు. ఆ తర్వాత బల్లెక్కాడు.

"వినండర్రా! మన బజారోళ్ళు ఉమ్రాకి ఎవరెళ్ళినా గుండుతోనే తిరిగొస్తారా లేదా?"

"వస్తారు!"

"మరింకేం! రంగేసిన జుట్టు అక్కడే రాలిపోతుంది. కొత్తగా ఏం మొలుస్తుందో దేవుడే చూపిస్తాడు. తెల్లగా మొలిస్తే బాబాయ్ తన పొడి బస్తాలన్నీ నైలులో కలిపెయ్యాలి. నల్లగా మొలిస్తే నేనే నెత్తికి గోరింటాకు పట్టించుకుని నా గుమ్మంలో కూర్చుంటా!"

బషందీ చెయ్యి మళ్ళీ నెత్తి మీదకి పోయింది. అందరూ ఆయన నోటి వంకే చూస్తున్నారు.

"నలభై ఏళ్ళుగా రుద్దుతున్నాను. నా పొడి కుదుళ్ళలోకి దిగిపోయిందిరా. సరే, పందెం!" అన్నాడు.

వహీబా మూడు రోజులు మొగుడితో మాట్లాడలేదు. నాలుగో రోజు చెల్లెల్ని చూసొస్తానని కైరో రైలెక్కింది. తిరిగొచ్చేటప్పుడు ఒక రేకు పెట్టె తెచ్చింది. మొగుడి ప్రయాణానికి కొత్త బట్టలేమో అనుకున్నారు జనం.

బషందీ వెళ్ళాడు. ఖర్జూరాలతో, జమ్‌జమ్ నీళ్ళతో, నున్నటి గుండుతో తిరిగొచ్చాడు. రిఫాత్ ఆ గుండు మీద అరచెయ్యి వేసి నిమిరాడు.

"అబ్బా, పింగాణీ గిన్నెలా ఉంది హాజీ బాబాయ్! ఒక్క మొలక తగలట్లేదు. ఎవడోగానీ మంచి పనిమంతుడు."

"దేవుడి దయ," అన్నాడు బషందీ.

ఆ మర్నాటి నుంచి తెల్ల టోపీ పెట్టాడు. నలభై రోజులు ఎండ తగలకూడదన్నాడు. రిఫాత్ తన అద్దం మీద సబ్బు ముక్కతో రోజుకో గీత గీశాడు. ఇటు పొడి కొనేవాళ్ళు లేరు. "నీ జుట్టు మొలవనీ, చూసి కొంటాం" అని ఆడవాళ్ళు మొహం మీదే చెప్పి పోతున్నారు. బస్తాలు మూతి కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. నైలు కూడా దూరమేమీ కాదు, వీధి చివరే.

నలభై ఒకటో రోజు శుక్రవారం. నమాజు కాగానే జనం కొట్టు ముందు మూగారు. బషందీ రెండు చేతులతో, పసిబిడ్డని ఎత్తినట్టు, మెల్లగా టోపీ తీశాడు.

అర అంగుళం జుట్టు. బొగ్గులాంటి నలుపు.

ఆడవాళ్ళు సంబరంతో నాలుకలాడిస్తూ కేకలు పెట్టారు. రిఫాత్ ఒప్పుకోలేదు. దూది స్పిరిట్‌లో ముంచి జుట్టు మీద రుద్దాడు. దూదికి రంగంటలేదు. కొస నుంచి ఓ వెంట్రుక కత్తిరించి అగ్గిపుల్లతో కాల్చి వాసన చూశాడు. అచ్చం వెంట్రుకే. మొదలు చూద్దామని వేళ్ళు పెట్టబోయాడు.

"ఒరేయ్, చక్కిలిగింత!" అని బషందీ రెండు చేతులతో తల పట్టుకుని కొట్టు వెనక్కి పరిగెత్తాడు. జనం నవ్వీ నవ్వీ కూలబడ్డారు.

రిఫాత్ మాట తప్పే మనిషి కాదు. నెత్తికి గోరింటాకు పట్టించుకుని, ప్లాస్టిక్ సంచి చుట్టుకుని సెలూన్ గుమ్మంలో కూర్చున్నాడు. కడిగేసరికి తల క్యారెట్‌లా తేలింది. అద్దంలో అటు చూసుకున్నాడు, ఇటు చూసుకున్నాడు.

"హాజీ బాబాయ్," అన్నాడు గొంతు తగ్గించి, "ఆ పొడి నాకో అరకిలో కట్టు."

సాయంత్రానికి బస్తాలన్నీ ఖాళీ.

బషందీ ఈల వేసుకుంటూ ఇంటికి చేరాడు. వహీబా తలుపు గడియపెట్టి, మొగుడి నెత్తి మీది అర అంగుళం జుట్టుని టోపీలా ఊడదీసి రేకు పెట్టెలో సర్దుతూ, "వచ్చే నెల అంగుళానిది, ఆ పై నెల అంగుళమున్నరది, ఆ తర్వాతే నీ పాతది, వరస తప్పి పెట్టుకున్నావంటే మళ్ళీ మక్కా పోవాల్సిందే!" అంది.