సాసరంత కాయిల్

"చిన్నదే కావాలి," అంది సుధేష్ణ.

"పెద్దది కొంటే రెండు సాయంత్రాల్లో పొలమంతా అయిపోతుంది కదా," అన్నాడు ఆమె భర్త రాజ్‌కిరణ్. హెడ్‌సెట్ మెడలో వేలాడుతోంది. ఆఫీసు కాల్ మ్యూట్‌లో పెట్టి మరీ వాదిస్తున్నాడు.

లాప్‌టాప్‌లో ఉన్నది బంగారం వెతికేవాళ్లు వాడే మెటల్ డిటెక్టర్. ఒక పొడుగాటి కాడ, దాని చివర గుండ్రంగా పళ్లెం లాంటిది. ఆ పళ్లేన్నే కాయిల్ అంటారు. పెద్దది దోసెల పెనమంత ఉంటుంది, చిన్నది కాఫీ సాసరంత.

ఇంటి వెనక, పాడ్రిగ్ అనే రైతు పొలంలో నడుస్తుంటే మంగళసూత్రం గొలుసు తెగి ఎక్కడో పడిపోయిందని, మొన్న సుధేష్ణ బోసి మెడతో వచ్చి చెప్పింది. అత్తగారు నాగరత్నం గుండె బాదుకుంది. ఆ పూటే పసుపు తాడుకి పసుపుకొమ్ము కట్టి, కొడుకు చేత కోడలి మెడలో వేయించింది. ఫిబ్రవరిలో చుట్టపుచూపుగా ఐర్లండ్‌లోని ఈ ఎన్నిస్ ఊరికి వచ్చిన మనిషి, విమానాలు ఆగిపోయి ఇక్కడే ఉండిపోయింది. లాక్‌డౌన్‌లో ఎవరూ ఎటూ కదలడానికి లేదు. ఈ ఇంట్లో ఇప్పుడు ఆఫీసులు రెండు. ఒకటి మేడమీద ఇరుకు బాక్స్ రూములో తలుపేసుకుని. రెండోది వంటగట్టు మీద, కుక్కర్ పక్కన. ఆ రెండోది ఎవరిదో వేరే చెప్పాలా?

"పెద్దది లోతుకి కూడా పోతుంది సుధా. రివ్యూలన్నీ చదివాను."

"లోతెందుకు? నా గొలుసు గడ్డిలో పడింది, గనిలో కాదు. పుస్తె అంటే పల్చటి రేకు. నలుసంత బంగారం పట్టుకోవాలంటే చిన్న కాయిలే వాడాలని ఆస్ట్రేలియాలో గనుల దగ్గర వెతికేవాళ్లే చెప్తున్నారు. నేనూ చదివాను. పైగా ఆ పొలం నిండా పాత మేకులు, సీసా మూతలు. పెద్దది అన్నిటికీ కలిపి ఒకటే కూత కూస్తుంది."

"చిన్నదానితో వెతికితే వేసవంతా పడుతుంది. అడుగడుగూ దువ్వాలి."

"దువ్వుతాను."

మెట్ల మీద నుంచి కూతురు కలగజేసుకుంది. ఆన్‌లైన్ క్లాసు మధ్యలో బిస్కెట్ల కోసం దిగుతోంది. "జస్ట్ గెట్ అ న్యూ వన్, మామ్. ఇట్స్ గ్రాండ్." ఇక్కడి పిల్లలకి 'ఫర్వాలేదు' అన్నా గ్రాండే.

"గ్రాండేనమ్మా, ఎందుక్కాదు? ఒక పుస్తె మా అమ్మ పెట్టింది, ఒకటి మీ నానమ్మ పెట్టింది. అవి ఏ కొట్లో అమ్ముతారో చెప్పు, వెళ్లి కొనుక్కుంటాను."

అప్పటిదాకా కొడుకు వైపు తల ఊపుతున్న నాగరత్నం చటుక్కున ఇటు తిరిగింది. "ఒరే కిరణా, నోరు మూసుకుని అది అడిగింది కొను. నేను పెట్టిన పుస్తెని ఎవడి ఆవులో తొక్కుతుంటే నీకు నిద్రెలా పడుతోందిరా?"

రాజ్‌కిరణ్ ఇక సాసరంత కాయిలే కొన్నాడు.

పార్సిల్ వచ్చిన సాయంత్రమే సుధేష్ణ కోటు వేసుకుంది. రాజ్‌కిరణ్ కూడా షూస్ తొడుక్కోబోయాడు.

"నువ్వెక్కడికి?"

"తోడొస్తాను. చెరో పక్క చూస్తే తొందరగా తేలుతుంది."

"ఉన్నది ఒక్క మెషీన్. నీ బెల్టుకీ, నీ తాళాలకీ కూస్తుంటే నేను దేన్ని వెతకను? రావద్దు."

"పోనీ ఫోనైనా తీసుకెళ్లు."

"ఫోను పక్కనుంటే దీనికి పిచ్చెక్కుతుంది. నమ్మకపోతే డబ్బాలో పుస్తకముంది, చదువుకో." ఫోను తీసి వంటగట్టు మీద పెట్టింది. అది అప్పుడే ఒకసారి మోగి ఊరుకుంది.

"మరి రాత్రికి పప్పు ఎవరు చేస్తారే అమ్మాయ్?" అంది నాగరత్నం.

"పుస్తెలు కావాలా, పప్పు కావాలా అత్తయ్యా?"

నాగరత్నం కొడుకు వైపు తిరిగింది. రాజ్‌కిరణే లేచి పప్పు గిన్నె కోసం వంటింట్లో ఒక అలమర తెరిచాడు, అందులో లేదు. ఇంకోటి తెరిచాడు, అందులోనూ లేదు. ఎక్కడుందో అడుగుదామని తిరిగేసరికి వీధి తలుపు మూసుకుంది.

పొలంలో ఎండ ఇంకా వాలలేదు. ఆవుల్ని పక్క పొలంలోకి తోలేశారు. సుధేష్ణ గేటు దగ్గర మొదలుపెట్టి, కాయిల్‌ని గడ్డి మీద ఇటూ అటూ ఊపుకుంటూ నెమ్మదిగా నడిచింది. ఒక మేకు దొరికింది. తర్వాత తుప్పుపట్టిన గొళ్లెం ఒకటి. రెండూ తీసి గేటు పక్కన పడేసింది.

పాడ్రిగ్ ట్రాక్టర్ ఆపి, గేటుకి దూరంగా నిలబడి పలకరించాడు. "ఏమన్నా దొరికిందా?"

"లేదు."

"కాయిల్ మరీ చిన్నదిగా ఉందే. దాంతో ఈ పొలమంతా ఎప్పటికి తిరుగుతావమ్మా? మావాడి దగ్గర పెద్దదుంది, ఇమ్మంటావా?"

"వద్దండి. నాకు ఇదే సరిపోతుంది. ఎన్నాళ్లు పట్టినా సరే, ఎవరేమనుకున్నా సరే, రోజూ వచ్చి నేనే వెతుక్కుంటాను."

"గట్టిదానివే," అని నవ్వి వెళ్లిపోయాడు పాడ్రిగ్.

ట్రాక్టర్ చప్పుడు పూర్తిగా పోయేదాకా ఆగింది సుధేష్ణ. తర్వాత పొలం అవతలి మూలకి, ముళ్లకంచె చాటుకి నడిచి మెషీన్ ఆపేసింది. రాయి మీద కూర్చుని కాళ్లు చాపుకుంది. సంచిలో తెచ్చుకున్న ఫ్లాస్కు మూత తీసి వేడివేడిగా టీ పోసుకుంది. సుధా అని గానీ, మామ్ అని గానీ, అమ్మాయ్ అని గానీ పిలిచేవాళ్లు లేరు. ప్రాణం హాయిగా ఉంది. టీ నిదానంగా, చివరి గుక్క దాకా తాగింది.

తర్వాత కోటు లోపలి జేబు జిప్పు తీసి, తెగని గొలుసునీ, రెండు పుస్తెల్నీ ఒకసారి చూసుకుని, మళ్లీ జిప్పు వేసేసింది.