టోపీ ఊడాలి

రాకెట్ సగం దూరం లేచి, దారి మరిచినదానిలా పక్కకు తిరిగి, మైదానం గోడ పక్కన నిలిపిన స్కూటర్ సీటులో దిగబడింది.

తల్లి పరుగెత్తుకొచ్చింది.

"చచ్చాం! ఆ సీటు మీద మనిషుంటే?"

"లేరు కదమ్మా," అంది కూతురు, సీసాను సీటులోంచి పీకుతూ.

ఆ పిల్లను ఇంట్లో పిడుగు అని పిలుస్తారు. ఖాళీ సోడా సీసా కనిపిస్తే చాలు, రాకెట్ చేసేస్తుంది. అందులో కాసిని నీళ్లు పోసి, సైకిల్ పంపుతో గాలి కొట్టి వదిలితే, నీళ్లు చిమ్ముకుంటూ మేడలకన్నా ఎత్తు లేస్తుంది. సీసా నెత్తిన అట్ట టోపీ, టోపీ కింద మడిచిన ప్లాస్టిక్ గొడుగు. గొడుగు విచ్చుకుంటే సీసా ఊగుతూ మెల్లగా దిగుతుంది. విచ్చుకోకపోతే ఏమవుతుందో కూడా పిడుగు చాలాసార్లు చెప్పబోయింది. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి తల్లి రెండు చెవులూ మూసుకునేది.

"టోపీ ముందే ఊడిపోయిందమ్మా. అందుకే వంకరపోయింది."

"మరి గట్టిగా బిగించి చావొచ్చు కదే!"

"బిగించకండమ్మా," అన్నారెవరో వెనకనుంచి. "అది ఊడాలి."

తల్లి గిరుక్కున తిరిగింది. ఆ పొడుగాయనే!

సెలవురోజు వస్తే చాలు, ఎక్కడినుంచి ఊడిపడతాడో ఊడిపడతాడు. రాకెట్ లేవగానే చేతులు బార్లా చాపి పిల్లలను వెనక్కు తోస్తాడు. అది కూడా సరే అనుకుందాం. లోకమంతా పైకి చూస్తుంటే, ఈయన మాత్రం పిల్లల వంకే చూస్తాడు. పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు కాక ఇంకెవరు చూస్తారు అలా?

"ఏం మాటండీ అది? ఆడుకునే పిల్లల ముందు ఊడాలి, రాలాలి అంటారా? నోట్లోంచి ఒక మంచి మాట రాదా?"

"అది కాదమ్మా, పైకి వెళ్లాక టోపీ..."

"మాకు టోపీ పెట్టేవాళ్లు చాలామంది ఉన్నార్లెండి. ముందు ఇది చెప్పండి. మీ పిల్లలు ఎవరన్నా ఇక్కడ ఆడుతున్నారా?"

ఆయన తల దించుకున్నాడు.

"లేదమ్మా."

"మరి మీకేం పని ఇక్కడ?"

"అమ్మా, ఊరుకో," పిడుగు కొంగు లాగింది. "ఆయన మంచాయన. నాకు గొడుగు మడత పెట్టడం నేర్పించారు."

అంతే, తల్లి పిడుగును చెయ్యి పట్టి పక్కకు లాగింది. తనకు తెలియకుండా మాటలదాకా వచ్చిందన్నమాట వ్యవహారం! నేరుగా మైదానం కాపలాదారు దగ్గరికి వెళ్లింది.

"బాబాయ్, ఆ మనిషి మళ్లీ ఇక్కడ కనిపిస్తే నేను ఊరుకోను."

"ఆయన వల్ల ఇబ్బందేం లేదమ్మా, పాపం..."

"నీకు పాపం, నాకు ఆడపిల్ల!"

కాపలాదారు ఏదో చెప్పబోయి మింగేశాడు. వెళ్లి పొడుగాయన భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన తలూపి బయల్దేరాడు. గేటు దాకా వెళ్లి, అక్కడినుంచి మాత్రం గట్టిగా అరిచాడు.

"పైకి చూస్తూ నిలబడిపోకు తల్లీ! పక్కకు తప్పుకో!"

"పోయేముందు కూడా అపశకునమే," అని పళ్లు నూరింది తల్లి.

తర్వాతి సెలవురోజు పొద్దున, పిడుగు చెప్పులు వెతుక్కుంటూ ఉంటే, తల్లి రాకెట్‌ను ఒళ్లో పెట్టుకుని టోపీ చుట్టూ టేపు వేసింది. జడ బిగించినట్టు బిగించింది. అంచు కనిపించకుండా గోటితో నున్నగా రుద్దింది. చెబితే ఒప్పుకునే రకం కాదు కాబట్టి చెప్పలేదు.

మైదానంలో రాకెట్ ఎన్నడూ లేనంత నిటారుగా లేచింది.

"చూశావా!" అని చప్పట్లు కొట్టింది తల్లి. "వంకర పోయిందా ఇప్పుడు?"

రాకెట్ పైన ఒక క్షణం ఆగింది.

"ఊడు... ఊడవే..." అంటోంది పిడుగు.

రాకెట్ తలకిందులైంది.

పిల్లలందరూ పైకే చూస్తున్నారు. పిడుగు కూడా. చేతులు చాపే మనిషి కోసం తల్లి కళ్లు వెతికాయి. ఆ చోటు ఖాళీగా ఉంది. తను పరుగెత్తేలోగా సీసా వచ్చి పిడుగు ముఖం మీద పడింది.

ఆస్పత్రి వరండాలో డాక్టరు మెల్లగా చెప్పారు. "కుట్లు వేశాం. కంటి సంగతి మాత్రం కట్టు విప్పితే గానీ చెప్పలేం."

"రెండు కళ్లూ నావి తీసుకోండి డాక్టరుగారూ."

"అలా కుదరదమ్మా," అని ఆయన లోపలికి వెళ్లిపోయారు.

తల్లి బెంచీ మీద కూలబడింది. ఎవరో తెచ్చి పెట్టిన సీసా పక్కనే ఉంది. టోపీ దాన్ని అంటిపెట్టుకునే ఉంది. గోరు విరిగేదాకా టేపు పీకింది. లోపల గొడుగు మడత నలగకుండా, కూతురు పెట్టినది పెట్టినట్టే ఉంది.

కాపలాదారు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"బాబాయ్, ఆ పొడుగాయన్ని పిలుచుకురా. కాళ్లు పట్టుకుంటాను. ఆయన ఉండి ఉంటే పక్కకు తోసేవాడు."

"ఎక్కడుంటాడో తెలీదమ్మా. ఆ రోజునుంచి మళ్లీ రాలేదు."

"ఇంతకీ ఎవరాయన? ఎందుకొచ్చేవాడు?"

"చెప్పొద్దన్నాడమ్మా, వింటే పిల్లలు భయపడి ఆట మానేస్తారని," అన్నాడు కాపలాదారు. "పోయినేడు అదే మైదానంలో ఆయన కొడుక్కి చూపు పోయింది. టోపీ ఎక్కడ ఊడిపోతుందోనన్న భయంతో, కొడుక్కి తెలియకుండా టేపు చుట్టిన తండ్రమ్మా ఆయన."