పది కంచెల మొక్కు

"మూడుసార్లు ఆగిందంటే ఇంటికే," అన్నాడు కోచ్ లిమ్ ఇంగ్లీషులో, మూడు వేళ్ళు చూపించి మరీ.

వసుంధర తలూపింది. గుర్రాల సంగతి ఆవిడకి తెలీదుగానీ లెక్కల్లో మాత్రం గట్టిదే.

ఆదివారం ఉదయం. యూ టీ అనే పేట దాటాక ఓ చిన్న రైడింగ్ క్లబ్బు. వసుంధర కూతురు ఉజ్వలకి పదిహేనేళ్ళు, ఆమె ఎక్కబోయే గుర్రం పెప్పర్‌కి ఐదేళ్ళు. ఇద్దరికీ ఇదే మొదటి పోటీ. ఒకే రోజు మూడు పరీక్షలు. ముందు మైదానంలో నడక, తర్వాత చెట్లమధ్య బాటలో పది కంచెలు, చివర మళ్ళీ మైదానంలో కంచెలు.

పెప్పర్ శాడిల్‌బ్రెడ్ జాతిది. ఆ జాతి పుట్టిందే సోకులకి. మెడ నిక్కించి, మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు ఎత్తి నడుస్తుంది. బురదలో దుంగలు దూకే పోటీకి దాన్ని దింపుతానంటే తోటి కోచ్‌లు నవ్వారు. నవ్వేసరికి లిమ్‌కి పంతం పట్టుకుంది. 'పట్టుచీర కట్టుకుని నాట్లకి దిగినట్టుంది దీని వాలకం,' అనుకుంది వసుంధర మొదటిసారి చూసి.

కిందటేడు వేరే గుర్రం మీదినుంచి పడి ఉజ్వల భుజం దగ్గర ఎముక విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు పిల్లకి అన్నం కలిపి తినిపించింది వసుంధరే. అప్పట్నుంచీ ఆవిడకి ఒకటే కోరిక. పిల్ల మళ్ళీ పడకూడదు. పతకాలు ఎవడిక్కావాలి?

ఆవిడ మొగుడు కృష్ణప్రసాద్‌కి కావాలి. బ్యాంకులో సాఫ్ట్‌వేర్ చూసే ఆ మహానుభావుడు తాముండే బుకిట్ పంజాంగ్ పేటలో తన బ్లాకు మొత్తానికీ, తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నిటికీ పోటీ సంగతి టముకు వేశాడు. తండ్రీకూతుళ్ళ మధ్య ఒప్పందం కూడా అయింది. పోటీ పూర్తిచేస్తే డిసెంబరులో ఆస్ట్రేలియా శిక్షణ శిబిరం. అక్కడ కంచెలు ఛాతీ ఎత్తు ఉంటాయట. పూర్తిచెయ్యకపోతే వచ్చే ఏడాది, మన పదో తరగతి లాంటి ఓ-లెవెల్ పరీక్షలయ్యేదాకా గుర్రం ఊసే ఎత్తకూడదు.

ఛాతీ ఎత్తు అన్నమాట విన్న రాత్రి వసుంధరకి నిద్ర పట్టలేదు. మర్నాటినుంచి ఆవిడ రోజూ లాయానికి రావడం మొదలుపెట్టింది. అంతకుముందు గుర్రమంటే ఆమడ దూరం పరిగెత్తే మనిషి! చేత్తో తినిపించాలంటే భయం కాబట్టి ఏదో ఒకటి తమలపాకులో చుట్టి, నేలమీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి దూకేది. రెండు వారాల్లో పెప్పర్ ఆవిణ్ణి చూస్తే చాలు, సకిలించడం నేర్చుకుంది.

"మీ ఆవిడ మారిపోయింది," అని లిమ్ మెచ్చుకుంటే కృష్ణప్రసాద్ పొంగిపోయాడు.

పోటీకి ముందు రౌతులు బాటంతా నడిచి కంచెలు చూసుకున్నారు. వసుంధర కూడా సంచీ పుచ్చుకుని కూతురి వెంట నడిచింది. ఒక్కో కంచె మొదట్లో గడ్డిలో ఓ తమలపాకు పొట్లం పెట్టడం, కళ్ళు మూసుకుని చెంపలేసుకోవడం. పది కంచెలకీ పది పొట్లాలు.

"మమ్మీ, అందరూ చూస్తున్నారు లా! సో ఎంబరాసింగ్!"

"నీ పని నువ్వు చూసుకో తల్లీ. దేవుడి పని నాది."

నడకలో పెప్పర్ అదరగొట్టింది. న్యాయనిర్ణేత కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. కృష్ణప్రసాద్ వీడియో తీసి వెంటనే గ్రూపుల్లో పడేశాడు.

తర్వాత కంచెల బాట. ముందు వెళ్ళిన నాలుగు గుర్రాలూ గడ్డివంక చూడనైనా చూడకుండా దూకుతూ పోయాయి. పెప్పర్ వంతు వచ్చింది. బాణంలా బయల్దేరింది. మొదటి కంచె దగ్గర మర్యాదగా నెమ్మదించి, ఆగి, తల వంచి, పొట్లాన్ని ఆకుతో సహా నమిలేసింది.

"ఒకటి," అన్నాడు లిమ్ నీరసంగా.

అక్కడినుంచి ఎలాగో దూకింది. రెండో కంచె దగ్గర మళ్ళీ ఫలహారం. జనం పగలబడి నవ్వుతున్నారు. మూడో కంచె దగ్గర పెప్పర్ కళ్ళు మూసుకుని మరీ నమిలింది. ఈల మోగింది. పోటీ అయిపోయింది.

ఉజ్వల ఏడుపు ముఖంతో వచ్చి గుర్రం దిగింది. వసుంధర పరుగున వెళ్ళి పిల్ల భుజాలు, చేతులు, మోకాళ్ళు తడిమి చూసింది. అన్నీ ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది.

"మమ్మీ! కంచెల దగ్గర ఏం పెట్టావ్?"

"విఘ్నాలు తొలగాలని కంచెకో నైవేద్యం... వినాయకుడికి..."

కృష్ణప్రసాద్ నెత్తి కొట్టుకున్నాడు. "గుర్రం దారిలో బెల్లం పెడతారటే ఎవరైనా? అది మాత్రం ఏం చేస్తుంది! నీ భక్తి తగలెయ్య, ఇప్పుడు గ్రూపులో ఏం చెప్పను?"

వసుంధర పైటచెంగుతో కళ్ళొత్తుకుంది. ఆ కన్నీళ్ళు నిజమైనవే. పిల్ల ముఖం చూసేసరికి ఆగలేదు. అది చూసి ఉజ్వల కరిగిపోయింది.

"ఓకే లా, మమ్మీ. డోంట్ క్రై. నువ్వు నాకోసమే కదా చేశావ్."

విషయం అర్థమయ్యాక లిమ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆంటీ, నెక్స్ట్ టైమ్ ఇంట్లోనే ప్రే చెయ్యి, కెన్? సరేనా?"

"బాట మీద మిగిలినవి తీసేయాలిగా. పద, నేనూ వస్తాను," అన్నాడు కృష్ణప్రసాద్, కాస్త మెత్తబడి.

"మీరు పిల్ల దగ్గరుండండి," అని వసుంధర గబగబా ఒక్కతే వెళ్ళి, వినాయకుడికి క్యారెట్ ముక్కలు నైవేద్యం పెట్టడమేమిటని ఎవరూ అడగకముందే మిగిలిన ఏడు పొట్లాలూ సంచీలో వేసుకుంది.