రాణిగారి ఊట

"పొద్దున కొయ్యబొమ్మల వీధి చూశారు. మధ్యాహ్నం అద్దాల పడవలో పగడాలు చూశారు. అవన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. తలలు వంచండి, రాయి తగులుతుంది," అన్నాడు గైడు.

పడవ దిగిన యాత్రికులు మోకాలి లోతు సముద్రంలో నడిచి ఒక్కొక్కరే గుహలోకి దూరారు. లోపల పైకప్పు పగులులోంచి సన్నటి ధార ఒకటి రాతి తొట్టిలోకి పడుతోంది.

"పూర్వం పిల్లల్లేని రాణి ఒకావిడ ఇక్కడే కూర్చుని కళ్ళు పోయేదాకా ఏడ్చింది. ఆ ఏడుపుకి కొండ కరిగి ఊటైంది. ఈ నీళ్ళు దోసెడు తాగిన ఏ ఆడదాని ఒడీ ఖాళీగా లేదు."

"కొంచెం వాసనొస్తోందండీ," అంది చివర నిలబడ్డ కొత్త పెళ్ళికూతురు.

"మూలికలమ్మా! కొండ నిండా అవే. తాగాక ఒకట్రెండు సార్లు కడుపు కడిగినట్టయినా కంగారుపడకండి. రాణిగారు ముందు చోటు శుభ్రం చేస్తారు."

అందరూ నవ్వారు. నవ్వుతూనే తాగారు. సీసాల్లో పట్టుకున్నారు కూడా.

రాణీ లేదు, ఏడుపూ లేదు. ఒక వానరోజు యాత్రికులు విసుక్కుంటుంటే గైడు నోటికొచ్చిన కథ అల్లేశాడు. అది కాస్తా అతుక్కుంది. ఏడాది తిరిగేసరికి ఊళ్ళోని పాత కోట ఎక్కేవాళ్ళు తగ్గి గుహకి వచ్చేవాళ్ళు పెరిగారు. మిగతా గైడులూ అందుకున్నారు. తను పుట్టించిన అబద్ధాన్ని తన ఎదుటే ఇంకొకడు తాతల నాటిదని చెబుతుంటే, గైడు మీసాల చాటున నవ్వుకునేవాడు.

చిక్కల్లా ఇంట్లోనే వచ్చిపడింది. పెళ్ళయి ఏళ్ళు గడిచినా పిల్లల్లేరు. అతని భార్య ఆ కథని అక్షరం పొల్లుపోకుండా నమ్మింది.

"ముక్కూమొహం తెలీనివాళ్ళందరికీ పోస్తారు. కట్టుకున్నదానికి ఓ సీసాడు తేలేరా?"

"మనలాంటివాళ్ళకి పనిచెయ్యదే అది. దూరాన్నుంచి వచ్చినవాళ్ళకే."

"ఆ రాణికి కూడా నేను లోకువేనన్నమాట!"

"నీకు దండం పెడతాను. ఆ గుహ ఊసెత్తకు," అని అతను కంచం ముందునుంచి లేచిపోయేవాడు. ఆవిడ ఎంగిలి కంచం తీస్తూ ముక్కు చీదుకునేది. ఈయనకసలు పిల్లలంటేనే ఇష్టం లేదేమోనని కుమిలిపోయేది.

అలాంటిది, ఉన్నట్టుండి నెల తప్పింది.

గైడు కాళ్ళు నేలమీద నిలవలేదు. ఆ రోజు కోట కట్టించిన రాజునీ కూలగొట్టిన రాజునీ తారుమారు చేసి చెప్పాడు. యాత్రికులు బుద్ధిగా ఫొటోలు తీసుకున్నారు. సాయంత్రం ఇంటికొచ్చి భార్య చేతిలో బిందె లాక్కున్నాడు. పొయ్యి దగ్గరికి తనే వెళ్ళాడు. అన్నం మాడ్చాడు. ఇద్దరూ ఆ మాడే నవ్వుకుంటూ తిన్నారు.

నాలుగో నెల నిండకుండానే ఆవిడకి జ్వరం పట్టుకుంది. ఆపైన వాంతులు, విరేచనాలు. పడవవాడి సాయంతో ఎత్తుకుని ఆస్పత్రికి తెచ్చేసరికి మనిషి వడిలిన తోటకూర కాడలా ఉంది.

"పరీక్షలకి పంపాను," అంది డాక్టరమ్మ. "అవి వచ్చేదాకా ఆగే ఓపిక ఈమెకి లేదు, కడుపులో బిడ్డకి అసలే లేదు. దేనివల్ల వచ్చిందో తెలిస్తే సరైన మందు ఇప్పుడే మొదలుపెడతాను. నీళ్ళు ఎక్కడివి తాగుతోంది?"

"ఇంట్లో కాచి చల్లార్చినవేనండీ," అన్నాడు గైడు.

మంచం మీంచి సన్నగా మాట వినిపించింది.

"కాదు డాక్టరమ్మా. ఈయనకి తెలీకుండా పడవవాడి చేత రాణిగారి ఊట తెప్పించుకున్నాను. తాగాకే నా కడుపు పండింది. మానేస్తే ఎక్కడ పోతుందోనని ఇప్పటికీ రోజూ ఓ గ్లాసుడు తాగుతున్నాను." మొగుడివైపు తిరిగి కష్టంమీద నవ్వింది. "పనిచెయ్యదన్నారుగా? చూశారా మరి!"

గైడు మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాడు.

"ఆ గుహ సంగతి మీకంటే తెలిసినవాళ్ళు లేరు కదా," అంది డాక్టరమ్మ. "ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి? దాచకుండా చెప్పండి. ఇద్దరి ప్రాణాలూ మీ మాటమీదే ఉన్నాయి."

గుమ్మంలో పడవవాడు నిలబడి ఉన్నాడు. వాడి వెనక, సంగతి తెలిసి పరుగెత్తుకొచ్చిన మిగతా గైడులు. మంచం మీద భార్య కళ్ళు విప్పార్చుకుని అతని మొహంలోకే చూస్తోంది. నిజం అతని గొంతుదాకా వచ్చింది. చెబితే ఇంతమందిలో ఏ ఒక్కరూ తనని వదలరనిపించింది. బయటికొచ్చింది మాత్రం రోజూ పాడే పాటే.

"కొండలో పుట్టే ఊటండీ. స్వచ్ఛమైన నీళ్ళు."

"నిజమేనా?"

"నిజమేనండీ."

"అయితే నీళ్ళ వల్ల కాదు," అని నర్సుకి ఇంకేదో మందు పేరు చెప్పి, డాక్టరమ్మ విసవిసా వెళ్ళిపోయింది.

భార్య అతని చొక్కా అంచు పట్టి లాగింది.

"ఏవండీ, నోరెండిపోతోంది. ఇప్పుడైనా మీ చేత్తో ఓ గుక్క పొయ్యండి."

పడవవాడు సంచిలోంచి సీసా తీసి గైడు చేతుల్లో పెట్టాడు.

గైడు కాకముందు, కొండమీది హోటల్లో ప్లంబరుగా ఉన్న రోజుల్లో, మరుగుదొడ్ల ట్యాంకు పొంగిపోతుంటే ఎవరి కంటా పడకుండా ఆ కొండ పగులులోకి పైపు వదిలింది ఆ చేతులే.