బొమ్మకు నవ్వు

నవ్వు మళ్ళీ చెరిగిపోయింది.

సునీల బొమ్మ మొహంలోకి వంగి చూసింది. నిన్న సాయంత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకుని దిద్దిన పెదవులు తెల్లారేసరికి ఎర్రటి మరకలా మిగిలాయి. సముద్రపు తేమకు ఎనామిల్ రంగు ఒక పట్టాన ఆరదు. ఆరకముందే ఎవరో గుడ్డ పెట్టి తుడిచేస్తున్నారు.

బాపట్ల నుంచి బీచ్‌కి వెళ్ళే రోడ్డు పొడవునా బీచ్ అభివృద్ధి కమిటీవాళ్ళు ఫైబర్ బొమ్మలు పెట్టిస్తున్నారు. పీత, తాబేలు, వల విసిరే జాలరి. ఒక్కో బొమ్మకు ఒక్కో ఆర్టిస్టు రంగులు వెయ్యాలి. తెనాలి నుంచి వచ్చిన సునీల వంతుకు ‘ఉప్పెన తల్లి’ వచ్చింది.

ఎప్పుడో వచ్చిన ఉప్పెనలో, ఎవరి బిడ్డనో భుజాన పెట్టుకుని, తుమ్మచెట్టు కొమ్మల్లో తెల్లవార్లూ నిలబడిన ఆడమనిషి. ఆమె పేరేంటో, ఏ ఊరో ఎవరికీ తెలియదు. కథ మాత్రం ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు.

కమిటీ కార్యదర్శి అజయ్ బాబు బండి దిగుతూనే ఒంటికాలి మీద లేచాడు.

“ఏంటమ్మా ఇది? రేపే ప్రారంభం.”

“నేను వేస్తూనే ఉన్నాను సార్. ఎవరో చెరిపేస్తున్నారు.”

“నవ్వు లేని బొమ్మ పక్కన సెల్ఫీ ఎవడు దిగుతాడు? సాయంత్రానికి పూర్తి కాకపోతే కిషోర్‌కి అప్పజెబుతాను. కింద పేరు కూడా అతనిదే పడుద్ది.”

పక్కనే పీతకు రంగు వేస్తున్న కిషోర్ విననట్టే ఉన్నాడు. బ్రష్ మాత్రం ఆగింది.

సునీలకు ఏడుపొక్కటే తక్కువ. తెనాలిలో ఇన్నేళ్ళూ ఎవరెవరి బొమ్మలకో రంగులు వేసింది. దిమ్మె మీద పేరు ఎప్పుడూ ఇంకొకరిదే. మొదటిసారి ఒక బొమ్మ కింద తన పేరు పడబోతోంది. అది కూడా నోటికాడ కూడులా జారిపోయేట్టుంది.

కిషోర్ టిఫిన్‌కి వెళ్ళాడు. సునీల నవ్వు మళ్ళీ దిద్దింది. తనూ వెళ్తున్నట్టు వెళ్ళి, వెనక నుంచి వచ్చి పీత చాటున నక్కింది. అనుమానమంతా కిషోర్ మీదే.

కిషోర్ రాలేదు. నలిగిన నేతచీర కట్టుకున్న ఒక ముసలావిడ వచ్చింది. అటూ ఇటూ చూసి, దిమ్మె ఎక్కి, కొంగుతో బొమ్మ మూతి తుడవసాగింది.

సునీలకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక్క ఉరుకున వెళ్ళి చెయ్యి పట్టుకుంది.

“ఏంటి మామ్మా ఈ పని?”

ముసలావిడ ఉలిక్కిపడలేదు.

“నవ్వు వద్దమ్మా.”

“ఎందుకు వద్దు?”

“ఆ రాత్రి నవ్వేందుకు ఏముంది తల్లీ.”

“అదంతా నీకెందుకు మామ్మా? కమిటీవాళ్ళు ఎట్టా వెయ్యమంటే అట్టా వేస్తాను. ఇది చెడితే నా పేరు పోద్ది.”

“నీ పేరు పోవాలని కాదమ్మా. మూతి ఒక్కటి మామూలుగా వెయ్యి. నీకు పుణ్యముంటది.”

సునీల తటపటాయించింది. ఆవిడ గొంతులో దబాయింపు లేదు, బతిమాలుకోవడమే ఉంది. మామూలుగా వేస్తే ఏం పోతుందని కూడా అనిపించింది.

అంతలో అజయ్ బాబు బండి వచ్చి ఆగింది.

“ఓహో, ఈవిడేనా? ఏ ఊరు మామ్మా?”

“రేపల్లె అవతల, బాబూ.”

“మతి సరిగా ఉన్నట్టు లేదు. రేపు అందరి ముందూ ఇదే పని చేసిందంటే మన పరువు గంగలో కలుస్తుంది. ఏమంటావమ్మా?”

సునీల ఆవిడ మొహం చూడలేదు. దిమ్మెకు బిగించబోయే తన పేరు పలకనే చూసింది.

“పంపించెయ్యండి సార్.”

అజయ్ బాబు ఆటో ఆపి, రేపల్లె బస్సు ఎక్కించి రమ్మని డ్రైవరుకు చెప్పాడు. ముసలావిడ ఆటో దగ్గరికి నడిచింది. ఎర్రరంగు అంటిన కొంగు దోపుకుని ఎక్కి కూర్చుంది. తిట్టినా బాగుండేదని సునీలకు అనిపించింది. అయినా బ్రష్ తీసుకుని నవ్వు ఇంకాస్త పెద్దదిగా దిద్దింది.

మర్నాడు జనం విరగబడ్డారు. ఉప్పెన తల్లి దగ్గర సెల్ఫీల కోసం తోపులాట.

“ఈ తల్లి ఎవరో తెలిసుంటే ఈ శాలువా ఆమెకే కప్పేవాళ్ళం” అని అజయ్ బాబు మైకులో చెప్పి, దాన్ని సునీల భుజాన కప్పాడు. చప్పట్లు మోగాయి. పలక మీద తన పేరు చూసుకుని సునీల పొంగిపోయింది.

జనం పలచబడ్డాక, జుట్టు నెరిసిన ఒకాయన దగ్గరికొచ్చి నమస్కారం పెట్టాడు.

“నా పేరు జమలయ్యండి. నిన్న మా అమ్మ మిమ్మల్ని ఇబ్బంది పెట్టిందటండి. ఏమనుకోకండి. చుట్టాలింటికని వచ్చి ఈ పని చేసింది.”

“పర్లేదులెండి బాబాయిగారూ, పెద్దావిడ. ఇవాళ తీసుకురావాల్సింది.”

“ఇక ఇటు రానందండి.”

సునీల మనసు చివుక్కుమంది. “నవ్వు బాగా రాలేదా అండి?”

ఆయన బొమ్మ మొహం వంక చాలాసేపు చూశాడు.

“బాగుందండి. మా అమ్మ నవ్వితే ఇట్టా ఉంటుందని నాకు ఇన్నాళ్ళూ తెలీదు.”

“అంటే?”

“ఎవరికీ చెప్పొద్దందండి. ఆ భుజం మీద పిల్లాణ్ణి నేనే. ఇంకో చేత్తో పట్టుకున్న సొంత కూతురు అలకి జారిపోయిన కాణ్ణుంచీ మా అమ్మ నవ్వింది లేదండి.”